ఉంగయ్య ఇంటి గోడలు

శబరి పొంగి సంతపాకలు కొట్టుకుపోయిన మరుసటేడు ఇది జరిగింది. దోమల్ని తరిమే గోడలు, పట్నాల్లో ఇంటింటికీ ఉన్నట్టే, మాకూ కడతామని కంపెనీవాళ్లు వచ్చారు. బదులుగా మీరేమిస్తారని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఎవరమూ ఏమీ ఇవ్వమందాం, అప్పుడు ఊరికే కడతారని మా బావ ఉంగయ్య అందరిచేతా నేల మీద చెయ్యేయించి ఒట్టు పెట్టించాడు.

వానలు పడేనాటికి గోడలు వాడి ఒక్కడి ఇంటికే లేచాయి. తేనెపట్టులా గుయ్యిమనేవి. అవి తరిమిన దోమలన్నీ పక్కనే ఉన్న నా పాకలో చేరాయి. మనవరాలు సుక్కికి చలిజ్వరం పట్టుకుంది.

“ఏమిచ్చినవ్ బావా?”

“రెండెడ్లు. ఇగ నాగలికి నిన్నే కట్టాలె,” అని నవ్వాడు.

“మరి మాతోని ఒట్టెందుకు?”

“ఊరికొక్క ఇల్లేనంట బావా. ఎక్కువిచ్చినోనికే.”

మర్నాడు పొద్దున్నే సుక్కిని ఎత్తుకెళ్లి వాడి గోడల మధ్య పడుకోబెట్టాను. ఉంగయ్య ఇద్దరికీ జావ తెచ్చాడు. పిల్లకి తాగించాను. నేను ముట్టలేదు.