పచ్చచుక్క

"ఫోన్లు ఇందులో పెట్టేయండి. లోపలికి తీసుకెళ్ళకూడదు," అంటూ కౌంటర్ దగ్గరి అమ్మాయి ప్లాస్టిక్ బుట్ట ముందుకు తోసింది.

టైలరమ్మ భర్త మారుమాట లేకుండా తన ఫోన్ తీసి బుట్టలో వేశాడు. ఆవిడ మాత్రం తన ఫోన్‌ని చేతిలోనే అటూ ఇటూ తిప్పింది. ఆడేది ఆయనైతే నా ఫోన్ ఎందుకు అని అడగబోయి, వెనక నిలబడ్డవాళ్ళు చూస్తున్నారని ఊరుకుంది. బుట్టలో పెట్టాక కూడా దాని వంకే చూస్తూ నడిచింది.

అది ఆస్పత్రి వెనకవైపు భవనం. ఫోన్లో పేకాట, పందేలు, పొద్దస్తమానం వీడియోలు, ఇలా చుక్క మందు ముట్టకుండానే మనిషిని లోబరుచుకునే అలవాట్ల మీద అక్కడ పరిశోధన చేస్తారు, మాన్పిస్తారు కూడా. రావాలని పట్టుబట్టింది భర్తే. ఆ మాట వినగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అనుమానం పట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడన్నమాట. లేకపోతే తనంతట తాను ఎందుకొస్తాడు?

"ముందు మీరు రండమ్మా," అంది పరిశోధకురాలు గదిలోంచి. జుట్టు నెరిసిన, గొంతు పెంచని మనిషి.

సహజమే అనుకుంది టైలరమ్మ. నిజం ఇంట్లోవాళ్ళనేగా అడగాలి.

"తలుపు తీసే ఉంచండి మేడమ్," అని, వరండాలో బెంచీ కింద భర్త బూట్లు కనిపించేలా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"ఎలా మొదలైందమ్మా?"

"పాపని బళ్ళో వేసిన ఏడాది మొదలైంది. సరదాకన్నారు. మా కళ్ళజోళ్ళ షాపు చేజారిపోయేదాకా నాకు తెలియనివ్వలేదు. ఇప్పుడు అదే వీధిలో ఇంకొకరి షాపులో పనిచేస్తున్నారు."

"ఇప్పుడు ఆట మానేశారుగా?"

"మానేశాననే అంటారు. ఫోన్ అడిగితే ఇచ్చేస్తారు, జీతం తెచ్చి నా చేతిలో పోస్తారు."

"మళ్ళీ ఎప్పుడైనా దొరికారా?"

"దొరకలేదు మేడమ్. అదే నా భయం."

పరిశోధకురాలు నవ్వలేదు. "మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి."

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. టైలరమ్మ గొంతు సర్దుకుని మొదలుపెట్టింది. ఆయనెక్కడున్నారో తన ఫోన్లో పచ్చచుక్కలా కనిపిస్తుంది. చుక్క షాపు మీద ఉంటే మిషను తొక్కుతుంది. కదిలితే కాలు ఆగుతుంది. ఫోన్ చేస్తుంది. టీకి వచ్చానంటారు. టీ కొట్టువాడికి ఫోన్ ఇమ్మంటుంది.

"పోయిన నెల ఆ చుక్క ఎక్కడో తెలియని సందులో ఆగిపోయింది. కంగారులో ఒకాయన కోటు మీద ఇస్త్రీపెట్టె అలాగే వదిలేశా. తీరా చూస్తే షాపు ఓనర్ తల్లికి కళ్ళజోడు ఇచ్చి రావడానికి వెళ్ళారట. మంచి బేరాలన్నీ నన్ను వదిలేశాయి మేడమ్. చూడండి, ఈయన అలవాటు నా పొట్ట మీద ఎలా కొట్టిందో."

"చెప్పకుండా చేసినవి ఏమైనా ఉన్నాయా?"

"షాపు సంగతే దాచారు, ఇంకేం కావాలి? అందుకే ఆయన స్నానానికెళ్ళినప్పుడు ఫోన్లో ఇంకో యాప్ కూడా పెట్టా. ఎవరితో ఏం మాట్లాడినా నాకు వినిపిస్తుంది. ఆయన మంచికేగా."

"పాప ఎలా ఉంది?"

టైలరమ్మ బ్యాగు పట్టీని వేలికి మెలిపెట్టింది. "బళ్ళో స్టేజీ మీద పాట పాడింది. ముందు వరసలోనే కూర్చున్నా. ఈయన దారిలో ఉన్నానన్నారు, ఫోన్లో చూస్తే చుక్క కదలదే. బాగా పాడిందట. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఈయన చేసిన పనికి అదీ నలిగిపోతోంది."

మాట్లాడుతూనే తల తిప్పి చూసింది. బెంచీ కింద బూట్లు లేవు.

కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచింది. వరండా చివరిదాకా పరుగెత్తింది. మెట్లు, లిఫ్టు, మళ్ళీ మెట్లు. ఫోన్ కోసం చెయ్యి బ్యాగులోకి పోయింది. లేదు. కౌంటర్ వైపు తిరిగేసరికి భర్త రెండు కాగితం గ్లాసుల్లో నీళ్ళు పట్టుకుని వస్తూ కనిపించాడు.

"ఎందుకు లేచారు?" అంది.

"నీకు దాహమేస్తుందని."

"ఎవరితోనైనా మాట్లాడారా? ఎవరి ఫోనైనా తీసుకున్నారా?"

"లేదు," అన్నాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, ఆయన చొక్కా జేబు తడిమి చూసింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు, అలవాటైనవాడిలా. గ్లాసుల్లో నీళ్ళు మాత్రం తొణికాయి.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన పరిశోధకురాలు ఇద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"వారం వారం రావాలి. ఇలాంటి ఇబ్బందే ఉన్నవాళ్ళు నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. కష్టంగానే ఉంటుంది. మొదట్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు అటే లాగడం. కానీ తగ్గినవాళ్ళు ఉన్నారు."

"ఎంత కష్టమైనా సరే మేడమ్," అంది టైలరమ్మ. కళ్ళు తుడుచుకుంది. "మిషను మూసేసైనా సరే, చెయ్యి పట్టుకుని నేనే తీసుకొస్తా. మధ్యలో మానేయనివ్వను."

పరిశోధకురాలు భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పలేదా?"

"నోరు రాలేదండీ," అన్నాడతను తల దించుకుని.

టైలరమ్మ గిర్రున భర్త వైపు తిరిగింది. "ఏం చెప్పలేదు? మళ్ళీ ఆడారా? నాకు తెలుసు. నాకు ముందే తెలుసు."

పరిశోధకురాలు ఆవిడ భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఆయన తనకోసం రాలేదమ్మా. మిమ్మల్ని తీసుకొచ్చారు."