ఒక్కరికే మాఫీ

కాంట్రాక్టరు తన బావమరిది కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి. పక్కనున్న సిమెంటు బస్తాల మీంచి దుమ్ము లేచి ఇద్దరి మొహాల మీదా పడింది.

"ఎక్కడికిరా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరావ్?"

"చెప్పే వెళ్తున్నాను కదా బావా! దొంగచాటుగా వెళ్ళాలనుకుంటే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

వెళ్తున్నది అప్రూవరుగా మారడానికి. వంతెన కేసులో ఇరుక్కున్నది ముగ్గురు. పని ఇప్పించి వాటా మింగిన మంత్రి, ఆయనకి పీఏగా ఉండి బేరాలు కుదిర్చిన ఈ బావమరిది, స్తంభాల్లో సిమెంటు తగ్గించి ఇసుక దట్టించిన కాంట్రాక్టరు. వంతెన జనంతో సహా కూలింది. ముందుగా వచ్చి నిజం కక్కినవాడికి శిక్ష మాఫీ అనీ, అదీ ఒక్కరికేననీ దర్యాప్తు అధికారి ముగ్గురికీ కబురు పెట్టాడు.

"మంత్రిని పట్టిస్తావు, సరే. మరి నా సంగతో?"

పీఏ నీళ్ళు నమిలాడు. "నీ పేరు చెప్పకుండా ఎలా కుదురుతుంది? పని చేసింది నువ్వే కదా. కొన్నేళ్ళు కళ్ళు మూసుకో బావా. అక్కనీ పిల్లల్నీ నేను చూసుకుంటాను."

"నా పెళ్ళాం పిల్లల్ని నువ్వు చూసుకుంటావా?"

మాట పూర్తవకుండానే కాంట్రాక్టరు పిడికిలి వాడి నోటి మీద పడింది. పెదవి చిట్లింది. పీఏ సన్నగా ఉంటాడు కానీ మెత్తనివాడేం కాదు. మేకుకి వేలాడుతున్న హెల్మెట్టు లాగి బావ చెవి మీద ఒక్కటిచ్చాడు. కాంట్రాక్టరుకి లోకం గిర్రున తిరిగింది. ఇద్దరూ కలబడి కంకర కుప్ప మీద పడ్డారు. కేసు మొదలయ్యాక పని ఆగిపోయింది, షెడ్డులో కేకేస్తే పలికే మనిషి లేడు.

"బావా, వదులు! ఊపిరాడట్లేదు!"

"నువ్వు వెళ్ళవు. నేను వెళ్తాను. నేనే చెప్తాను అన్నీ."

"వెళ్ళు! నువ్వే వెళ్ళు, నన్నొదిలెయ్!"

కాంట్రాక్టరు ఒక్క క్షణం చేతులు సడలించాడు. అంతే, పీఏ వాడి మణికట్టుని పళ్ళతో పట్టేసి, పొట్టలో మోకాలితో తన్ని, తలుపు వైపు దూకాడు. తలుపు గడియ మీద వాడి చెయ్యి పడింది. కాంట్రాక్టరు చేతికి ఇనుప ఊచ ముక్క దొరికింది.

మొదటి దెబ్బకి పీఏ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. రెండో దెబ్బ ఆ మాట మీదే పడింది. ఆ తర్వాత కాంట్రాక్టరు ఎన్ని కొట్టాడో వాడికే తెలీదు. ఊచ జారిపోయి చెయ్యి తిమ్మిరెక్కాక ఆగాడు. కింద ఉన్న కాలు ఒకసారి తన్నుకుని ఊరుకుంది.

అప్పుడు పీఏ జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. 'అక్క' అని ఉంది.

ఎత్తకపోతే అది ఊరుకునే మనిషి కాదు. ఎత్తాడు.

"ఒరేయ్, చేరావా? మీ బావ కోపం తెలిసిందేగా, ఎదురు చెప్పకు..."

"నేనే."

"మీరా! వాడేడీ?"

"ఇక్కడే ఉన్నాడు. మొహం కడుక్కుంటున్నాడు."

"గొడవేం పడలేదుగా?"

"లేదు."

"హమ్మయ్య. వాడికి తొందరెక్కువ, మనసులో ఏమీ ఉండదండీ. ఇద్దరూ కలిసే భోజనానికి వచ్చెయ్యండి. వంట అయిపోవచ్చింది."

"వస్తాం" అన్నాడు కాంట్రాక్టరు. ఫోను పెట్టేశాడు.

బావమరిది మీద టార్పాలిన్ కప్పాడు. చిన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పింది తనే. ఆ సంగతి ఇప్పుడు ఆలోచించకూడదు అనుకున్నాడు. డ్రమ్ములో నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, కారులో ఉన్న మరో చొక్కా తొడుక్కుని, దర్యాప్తు ఆఫీసుకి పోనిచ్చాడు. దారిపొడవునా చెప్పవలసిన మాటలే గొణుక్కున్నాడు. మంత్రి ఇలా అన్నాడు, పీఏ ఇలా చేయించాడు, నేను నిమిత్తమాత్రుణ్ణి. పీఏ పారిపోయాడు, ఎక్కడున్నాడో నాకు తెలీదు. చనిపోయినవాడు తిరగబడి కాదనడు కదా.

మెట్లు రెండేసి ఎక్కాడు. అధికారి బల్ల ముందు నిలబడి, ఆయాసపడుతూనే అన్నాడు.

"అప్రూవరుగా మారతాను సార్. అన్నీ చెప్తాను. ఒక్కటీ దాచను."

అధికారి తల పైకెత్తి వాడి వాచిన చెవి వంక చూశాడు. "కాస్త ముందు రావలసింది. మేమిచ్చే మాఫీ ఒక్కటే, అది ఇందాకే ఇచ్చేశాం."

"అబద్ధం!" కాంట్రాక్టరు గొంతు కీచుమంది. "వాడు రాలేదు సార్. వాడెలా వస్తాడు?"

"ఎవడు?"

కాంట్రాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మంత్రి కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికొచ్చి, వాడి భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"రావయ్యా రా! మీ ఇద్దరి మీదా సాక్ష్యం చెప్పి ఇప్పుడే సంతకం పెట్టాను, ఒక్కడివే వచ్చావేం, మీ బావమరిది ఏడీ?"