మొదటి గుక్క

రాళ్లగుట్ట మీద పది పన్నెండు జంతువులు కాపురముండేవి. పైన నీటిచుక్క లేదు. కింద వాగులో ఉన్నవి బురదనీళ్లు. తాబేలవ్వ తెల్లవారకముందే ఆ నీళ్లను రాతితొట్టిలోకి మళ్లించి, చిల్లగింజ అరగదీసి కలిపేది. మట్టి అడుగుకు దిగేదాకా కనిపెట్టుకుని ఉండేది. మధ్యాహ్నానికి గాడిద మామ ఆ తేటనీళ్లను రెండు కడవల్లో గుట్టెక్కించి, గడపగడపకూ పోసి వెళ్లేవాడు. అందరూ గాడిద మామకే దండం పెట్టేవారు.

నీళ్లు ఆలస్యమవుతున్నాయని కుందేలుకు ఒళ్లు మండేది. దాని పిల్లలు పొద్దుటినుంచీ దాహమని ఏడ్చేవి. ఒకరోజు ఇక ఓర్చుకోలేక గుట్ట దిగింది. తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. పక్కనే తాబేలవ్వ కళ్లు మూసుకుని కూర్చుంది.

"నీళ్లు ఎప్పుడో తేరుకున్నాయి. పైన పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతుంటే నువ్విక్కడ కునుకు తీస్తున్నావా అవ్వా?" అంది కుందేలు.

"కునుకు కాదే తల్లీ. మట్టయితే కంటికి కనబడుతుంది, విషం కనబడదు కదా. అందుకే ఒక గుక్క తాగి, నాకేమైనా అవుతుందేమోనని చూస్తున్నాను. ఏమీ కాకపోతే పంపుతాను."

"రోజూ ఇంతేనా?"

"నువ్వు మీ అమ్మ పాలు మానినప్పటినుంచీ తాగుతున్నవి ఈ నీళ్లే."

ఆ పూట కుందేలు కడవల వెనకే తలవంచుకుని గుట్టెక్కింది.

మర్నాడు మట్టి అడుగుకు దిగేసరికి అది తొట్టి దగ్గరుంది.

"కాస్త జరుగు అవ్వా," అంది. "ఇవాళ మొదటి గుక్క నాది."