కొత్త వెర్షన్‌లో పోయిన వాక్యం

భీమశంకరం సారూ,

మూడేళ్ల కిందటి మాట ఇది. ఫ్యాక్టరీ మంటల్లో పోయిన మా తమ్ముడు సాయిలు గురించి మీరు చూసుకునే యూనియన్ వెబ్‌సైటులో ఉన్న పేజీలో ఒక వాక్యం మాయమైంది. అడిగితే మీరు నవ్వారు.

"పేజీలు రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చానండీ. పాత రాతలు అందులోకి ఎక్కించేటప్పుడు కొన్ని రాలిపోతాయి."

"గా ఒక్క మాటనే రాలిందా సారూ?"

"మీకు చెప్పినా అర్థం కాదులెండి."

కూడబలుక్కుని చదివేవాణ్ణి, నమ్మాను.

మొన్న ఆ వెబ్‌సైటు పాత పేజీల ప్రింటు కాగితాలు పట్టుకుని పటాన్‌చెరు నెట్ సెంటరుకు పోయాను. అక్కడి అమ్మాయి అన్ని పేజీలూ పోల్చి చూసింది.

"మిగతా పేజీలల్ల అక్షరం గూడ పోలే తాతా. గిదొక్కటే ఎవరో చేత్తోని తీసేసిన్రు."

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. 'లోపల మనుషులుండగా షెడ్డుకు తాళం వేయించింది షిఫ్టు ఇన్‌చార్జి భీమశంకరం.' నా ముందు కూర్చుని, ఏడుస్తూ, మీరే టైపు చేశారు. అది చూసే మీ మీద కేసు వాపసు తీసుకున్నాను.

సోమవారం, పదో తారీఖు దాకా ఆగుతాను. ఆ వాక్యం తిరిగి పెడతారా, నన్ను మళ్లీ సంగారెడ్డి కోర్టు మెట్లెక్కమంటారా? జవాబు రాయండి.