తాటిమొద్దు పుట్టగొడుగులు

"మళ్ళీ సగమే తెచ్చారా?"

అరిటాకు పొట్లం విప్పగానే వేదశ్రీకి ఒళ్ళు మండింది.

కోడూరు నుంచి మొదటి బస్సుకి బందరు వచ్చిన నతానియేలు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని కాలేజీ ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"తేగలిగినకాడికి తెచ్చానండి."

"బుట్ట నిండా కోశారని మీ ఊరి బస్సు కండక్టరు చెప్పాడు. మిగతావి ఎవరికి అమ్ముకుంటున్నారు?"

ఆయన తల దించుకున్నాడు.

దివిసీమలో పాత తాటిమొద్దుల మీద, వానలు పడితే గోధుమరంగు పుట్టగొడుగులు మొలుస్తాయి. వాటిని ఎండబెట్టి, నూరి, పుండ్ల మీద చల్లుకోవడం అక్కడి పెద్దల అలవాటు. అందులోంచి యాంటీబయాటిక్ తీయాలని, కాలేజీలో పరిశోధన చేస్తున్న వేదశ్రీ పట్టుదల. ఏ మందుకూ లొంగని మొండి క్రిములను అది చంపుతుందని తేలితే ఆమె చదువుకు సార్థకత.

తీరా ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. మొలిచిన ఆ కాసినీ నతానియేలు దొడ్లోనే మొలిచాయి. తన పనంతా ఆయన దయ మీద ఆధారపడటం ఆవిడకి బొత్తిగా మింగుడుపడని సంగతి.

"చూడండి, మీరిలా దాచుకుంటే మందు ఎప్పటికి తయారవుతుంది? మొత్తం తెస్తే త్వరగా అయిపోతుంది."

నతానియేలు చటుక్కున తలెత్తాడు.

"తొరగా అవుద్దాండీ?"

"అవుతుంది."

"నిజంగానేనా మేడం గారూ?"

"అన్నాను కదండీ!"

మర్నాటి నుంచి పొట్లం నిండుగా రాసాగింది. కసిరితే గాని దారికి రారని వేదశ్రీ లోలోపల మురిసిపోయింది.

వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే ప్రశ్న.

"మందు అయిందాండీ?"

ఒకరోజు ఆమెకు నవ్వొచ్చింది.

"పెసరట్టా ఏంటండీ, పోయగానే అయిపోవడానికి? ఇంకా బోలెడు పరీక్షలుంటాయి. ఏళ్ళు పడుతుంది."

"ఏళ్ళా అండీ?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తలగుడ్డ చుట్టుకోవడం కూడా మరిచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నతానియేలు రాలేదు.

ఇక లాభం లేదనుకుని మానేసినట్టున్నాడు, మనుషులింతే అనుకుంది వేదశ్రీ.

కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. గాజు పళ్ళెంలో పుట్టగొడుగు రసం చుక్క వేసిన చోట మొండి క్రిములన్నీ చచ్చి, చుట్టూ తేటపడింది. ఆమె ఆనందం పట్టలేకపోయింది. కోపతాపాలన్నీ మరిచిపోయి, బందరు లడ్డూ డబ్బా ఒకటి కొనుక్కుని కోడూరు బస్సెక్కింది.

నతానియేలు ఇంటి ముందు షామియానా వేసి ఉంది. వరసగా కుర్చీలు, తెల్లబట్టల్లో జనం, లోపలెక్కడో పాటలు. ఏదో శుభకార్యం, మంచి సమయానికే వచ్చాననుకుంది.

"నతానియేలు గారూ! మొండి క్రిములు చచ్చిపోయాయండీ! మీ పుట్టగొడుగులే చంపాయి!"

కుర్చీలో కూర్చున్న ఆయన లేచి నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి, మనిషి సగమైపోయాడు.

"సంతోషమండీ. ఇంకెవరికన్నా పనికొచ్చుద్ది."

అంతే అని, తడబడుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు తెచ్చిన ఆయన కూతురు రమ్య, లడ్డూల డబ్బా వంక చూసి కళ్ళు తుడుచుకుంది.

"అమ్మ పోయిందండీ. ఇవాళ ఆదరణ కూటం, ప్రార్థన పెట్టుకున్నాం."

వేదశ్రీ డబ్బాని వెనక్కి దాచుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఏమైందమ్మా?"

"షుగరండీ. కాలి పుండు. ఆసుపత్రి మందులేవీ పనిచెయ్యలా."

"మీ నాన్నగారు నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"పుండు ఎవరిదో పైకి చెబితే మందు పారదని ఆయన నమ్మకమండీ. అమ్ముకుంటున్నావని మీరన్నా అందుకే నోరెత్తలా."

వేదశ్రీ మంచినీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

రమ్య గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"మీరు తొరగా మందిస్తారని నమ్మి, అమ్మ కాలి మీద చల్లే ఆ సగం కూడా మీకే తెచ్చిచ్చాడండీ."