ముడవని కాళ్లు

మెకానిక్ చదువు ముగించిన గ్లోరీకి ఒకే వారంలో రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి డోర్నియర్ విమానాల మీద, రెండోది ట్విన్ ఆటర్ల మీద. సొంతూరు నౌపడ వచ్చి, ఏది ఒప్పుకోమంటావని తండ్రిని అడిగింది.

అదే పనిచేసి రిటైరైన ఏసురాజు మంచం మీంచే గయ్యిమన్నాడు.

"ట్విన్ ఆటరా! అదీ ఒక విమానమేటే? రెండింజన్లుంటే సాలా? ఆకాశంలోకెళ్లినా కాళ్లు ముడవడం రాదు. ఉప్పుమళ్లలో కొంగలాగ ఏలాడేసుకుని పోతాది. డోర్నియర్ని సూడు. లేవగానే సక్రాలు కడుపులోకి లాగేసుకుంటాది, దొరసాని!"

"నేల మీదున్నప్పుడు సక్రాలు ముడుసుకుపోకుండా పిన్ను పెట్టడం మర్సిపోతేనో?"

"పిన్ను మర్సిపోయినోడు మెకానిక్కేటి? గాడిదల్ని కాసుకోవాలాడు."

గ్లోరీ అతని కుడికాలి వైపు చూసింది. ఇరవయ్యేళ్ల కిందట చక్రాలు ముడుచుకుని డోర్నియర్ మీద పడ్డ కాలది. అప్పట్నుంచీ కర్రలా చాపుకునే ఉంది. ఆ రోజు పిన్ను మరిచిందెవరో ఏసురాజు ఎన్నడూ చెప్పలేదు.

"ట్విన్ ఆటర్‌కే ఎల్తాను నాన్నా," అంది గ్లోరీ. "మనం మర్సిపోయినా అది మన కాలు మీద కూలబడిపోదు."