ఉన్నారనీ చెప్పను, లేరనీ చెప్పను

"ఉందో లేదో ఒక్క ముక్క చెప్పు తల్లీ, చాలు. నీ కాళ్లకు దండం పెడతాను."

ఎదురుగా నిలబడ్డావిడ నిజంగానే వంగబోయేసరికి బల్ల వెనకున్న అమ్మాయి గాభరాగా లేచి కుర్చీ లాగింది.

"అయ్యో, నాకన్నా పెద్దవారు, అవేం మాటలండీ! ముందు కూర్చోండి. కాసిని మంచినీళ్లు తాగండి."

లోపల హాల్లో కుట్టుపని చేసుకుని బతికే ఆడవాళ్ల సమావేశం జరుగుతోంది. రెండు రోజుల సందడి. వచ్చినవాళ్ల పేరు చూసుకుని, మెడలో కార్డు వేసి లోపలికి పంపడం ఈ అమ్మాయి పని. తోటివాళ్లు ఆమెకు రూల్సమ్మ అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు లెండి. పోయిన సమావేశంలో భోజనాల కాంట్రాక్టరు వచ్చి అందరి ఫోన్ నంబర్లూ కావాలంటే, "అన్నం పెట్టడానికి నంబరెందుకయ్యా?" అని గుమ్మంలోంచే సాగనంపిన ఘనురాలు.

వచ్చినావిడ గ్లాసు ఖాళీ చేసి, "మా చెల్లెలమ్మా" అంటూ పేరు, ఇంటిపేరుతో సహా మళ్లీ చెప్పింది.

"అమ్మ ఆస్పత్రిలో ఉంది. దాన్ని చూడందే కన్ను మూయనంటోంది. ఇక్కడికొచ్చిందని ఎవరో అన్నారు. పరిగెత్తుకొచ్చాను."

రూల్సమ్మకు జాలేసింది. తనకూ తల్లి ఉంది మరి! కానీ పేర్లు రాయించుకునేటప్పుడు, 'మీరు చెప్పమంటే తప్ప మీ సంగతి ఎవరికీ చెప్పం' అని ఒక్కొక్కరికీ మాటిచ్చింది తనే.

"ఉన్నారనీ చెప్పనండీ, లేరనీ చెప్పను. మీరొక చీటీ రాసివ్వండి. ఆవిడ ఉంటే అందుతుంది, లేకపోతే చింపేస్తాను. రెంటిలో ఏది జరిగిందో మాత్రం మీకు చెప్పను."

"నోటితో వద్దులే, తల ఊపు చాలు."

"ఈ రెండు రోజులూ నా తల నాది కాదండీ, ఆఫీసుది. ఇష్టమొచ్చినట్టు ఊపకూడదు."

అంత ఏడుపులోనూ ఆవిడకు నవ్వొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"పోనీ, ఫోటోలు పేపర్లో వేస్తారుగా. వాటిల్లో వెతుక్కుంటాను."

"వద్దన్నవాళ్లకు ఎర్ర పట్టీ కార్డు ఇస్తామండీ. వాళ్ల వైపు కెమెరా తిప్పరు."

"పొరపాటున పడితేనో?"

"తీసెయ్యమని ఆవిడ ఎప్పుడడిగినా తీసెయ్యాల్సిందే. అది ఆవిడ హక్కు."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. పాపం, ఉన్న ఆశ కాస్తా పోయిందనుకుంది రూల్సమ్మ.

"పోయినేడు ఇంకోచోట ఇలాగే బల్ల దగ్గర ఒకబ్బాయి ఉన్నాడు. ఎంత జాలిగుండో! మా మరిది, అదే దాని మొగుడు, వెళ్లి రెండు కన్నీటి చుక్కలు రాల్చగానే అది దిగిన గది నంబరుతో సహా చెప్పేశాడు."

"మరి దొరికారా?"

"ఆఁ. దొరికింది."

అంతే అంది. రూల్సమ్మకు ఎక్కడో తేడా కొట్టింది. మొగుడికి దొరికిన మనిషి మళ్లీ ఎందుకు కనపడకుండా పోయినట్టు? ఇక చచ్చినా నోరు విప్పకూడదని గట్టిగా అనుకుంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. మనిషి వెన్న. ఎవరు ఏడ్చినా కరిగిపోతాడు, ఆయనతో వచ్చిన చిక్కే అది. సంగతి విని తెగ నొచ్చుకున్నాడు.

"చెప్పెయ్యమ్మా. తల్లి చావుబతుకుల్లో ఉందంటుంటే నీ రూల్సేంటి?"

"మాటిచ్చాం సార్."

"పోనీ, ఆ పేర్ల జాబితా పాస్‌వర్డ్ ఇలా చెప్పు. నేనే చూస్తాను."

"అది నాకొక్కదానికే ఉండాలన్నది మీరే కదా సార్."

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. ఆపైన కోపం తెచ్చుకున్నాడు. "ఈవిడ పైవాళ్లకు ఫిర్యాదు చేసిందంటే నీ ఉద్యోగం నేను నిలబెట్టలేను. తర్వాత నన్ననుకోకు."

రూల్సమ్మకు ఇల్లు గడిచేది ఈ జీతంతోనే. అయినా మొండిగా తలెత్తింది.

"తీసెయ్యండి సార్. పోయేముందు కూడా చెప్పను."

వచ్చినావిడ చటుక్కున లేచింది. "ఆ పిల్లనేమీ అనకండి బాబూ! పైవాళ్లకు రాయాల్సే వస్తే, ఇలాంటి పిల్లను ఇక్కడ కూర్చోబెట్టినందుకు మీకు రుణపడ్డానని రాస్తాను."

మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు.

రూల్సమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తను కాదు పొమ్మన్నావిడే తన పక్షాన నిలబడింది!

"మీ మేలు మర్చిపోనమ్మా. నేను మాత్రం మీకేమీ చెయ్యలేకపోయాను. మనసులో పెట్టుకోకండి."

ఆవిడ బల్ల మీదుగా వంగి రూల్సమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత చేశావో నీకు తెలీదు తల్లీ. రెండు రోజులూ ఈ బల్ల దగ్గర నువ్వే ఉంటావా?"

"నేనేనండి."

"పొద్దున్నించి సాయంత్రం దాకా?"

"భోజనానికి కూడా లేవను. డబ్బా ఇక్కడికే తెచ్చుకున్నాను."

"నువ్వు చల్లగా ఉండాలి!" ఆవిడ కళ్లు తుడుచుకుంది. "అయితే నన్నూ లోపలికి పంపు. నేనూ కుట్టుపనే చేస్తాను. నెల కిందటే పేరు రాయించుకున్నాను."

రూల్సమ్మ తెల్లబోయింది. "ఇంతసేపూ చెప్పరేమండీ! ఏదీ, మీ గుర్తింపు కార్డు ఇలా ఇవ్వండి."

ఆవిడ ఒకసారి వీధి వైపు చూసుకుని, జాకెట్టులో దాచుకున్న కార్డు తీసి ఇచ్చింది. రూల్సమ్మ ఫోటో చూసింది, పేరు చదివింది, తలెత్తి ఆవిడ ముఖంలోకి చూసింది.

ఇంతసేపూ చెల్లెలిదంటూ ఆవిడ అడిగింది తన సొంత పేరే.